రిపోర్టులన్నీ నార్మల్, నొప్పి మాత్రం పోదు: దీర్ఘకాలిక నొప్పికీ మనసుకీ ఉన్న ముడి

పన్ను పీకించుకున్నప్పుడు కలిగేది బాధ. కూతుర్ని అత్తారింటికి సాగనంపినప్పుడు కలిగేదీ బాధే. ఈ రెండింటికీ మనం వేర్వేరు మాటలు వెతుక్కోలేదు. 'నొప్పి', 'నొచ్చుకోవడం' ఒకే వేరున పుట్టాయి. మోకాలు నొస్తుంది, ఎవరైనా మాట అంటే మనసూ నొస్తుంది.

ఆస్పత్రికి వెళ్ళేసరికి మాత్రం ఇవి రెండు గదుల్లో పడతాయి. నడుముకి ఎముకల డాక్టరు, దిగులుకి సైకియాట్రిస్టు. ఏళ్ళ తరబడి నొప్పితో తిరిగే మనిషికి మొదటి గదిలో ఎక్స్‌రే, రక్తపరీక్ష, ఎమ్మారై అన్నీ అయ్యాక ఏదో ఒక రోజు "మీకేం లేదమ్మా, అంతా టెన్షన్" అనే మాట వినపడుతుంది. డాక్టరు ఉద్దేశం 'ప్రాణానికి ప్రమాదమేమీ లేదు' అని కావచ్చు. విన్నామెకు 'నీ నొప్పి ఉత్తిదే' అని వినపడుతుంది. పక్కన నిలబడ్డ భర్తకో కొడుక్కో కూడా అలాగే వినపడుతుంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఆమె మూలుగుకి విలువ తగ్గుతుంది.

నొప్పి మనసుతో ముడిపడి ఉందనడం వేరు, నొప్పి లేదనడం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్ల జరుగుతున్న నష్టం చిన్నది కాదు. అందుకే ఆ ముడి ఎలా పడుతుందో మొదటినుంచీ చూద్దాం.

2025లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. 50 దేశాల్లో జరిగిన 376 అధ్యయనాలను, దాదాపు మూడున్నర లక్షల మంది వివరాలను అది ఒకచోట చేర్చింది. దీర్ఘకాలిక నొప్పి ఉన్న పెద్దల్లో ప్రతి వందమందికీ సుమారు 40 మందిలో పట్టించుకోవలసిన స్థాయిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. ఆందోళన లక్షణాలు కూడా సుమారు 40 మందిలోనే. ఈ అంకెను చదివేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. నలభై, నలభై కలిపి ఎనభై కాదు, ఎందుకంటే చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. రెండోది, వందలో అరవై మంది నొప్పితో బతుకుతూ కూడా డిప్రెషన్ లేకుండా ఉన్నారు. కాబట్టి నొప్పి ఉన్న ప్రతివాళ్ళకీ మనసు బాగోలేదని అనుకోవడమూ తప్పే.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం

వేలు తెగితే కలిగే నొప్పి ఒక హెచ్చరిక. గాయం మానగానే అదీ పోతుంది. మూడు నెలలు దాటినా పోకుండా ఉండే, లేదా పోయినట్టే పోయి మళ్ళీ మళ్ళీ వచ్చే నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇక్కడ హెచ్చరిక గంట మోగుతూనే ఉంటుంది. మంట ఆరిపోయి ఉండవచ్చు, ఇంకా నివురుగప్పి ఉండవచ్చు, అసలు మంటే లేకపోనూవచ్చు.

ఈ నొప్పుల్ని మూడు రకాలుగా చూస్తారు. మొదటిది కణజాలం దెబ్బతిన్నందువల్ల వచ్చేది. మోకాలి చిప్ప అరుగుదల, కీళ్ళవాతం ఇందులోకి వస్తాయి. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై దేశమంతా పాకిన చికున్‌గున్యా గుర్తుండే ఉంటుంది. జ్వరం వారంలో తగ్గినా, పొద్దున్నే గ్లాసు పట్టుకోలేనంతగా వేళ్ళు బిగుసుకుపోయి నెలల తరబడి బాధపడినవాళ్ళు మన ఊళ్ళ నిండా ఉన్నారు. రెండోది నరం దెబ్బతిన్నందువల్ల వచ్చేది. షుగరు ఉన్నవాళ్ళ అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు, నడుము నుంచి కాలిదాకా జివ్వున లాగే సయాటికా ఈ కోవకి చెందుతాయి. మూడోదానికి అధికారికంగా పేరు వచ్చింది 2017లోనే: నోసిప్లాస్టిక్ నొప్పి. పరీక్షల్లో గాయం కనిపించదు, నరమూ బాగానే ఉంటుంది, కానీ నొప్పి సంకేతాల్ని అందుకునే వ్యవస్థే అతిగా స్పందిస్తూ ఉంటుంది. ఒళ్ళంతా తీపులుగా ఉండే ఫైబ్రోమయాల్జియా దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. డిప్రెషన్, ఆందోళన ఎక్కువగా కనిపించేది ఈ మూడో రకంలోనే. కీళ్ళ అరుగుదల ఉన్నవారిలో అవి తక్కువ.

మనసు వైపు మాటలు ఇంకా గజిబిజిగా ఉన్నాయి. దిగులు అందరికీ వస్తుంది, పోతుంది. రెండు వారాలకు తగ్గకుండా, దాదాపు ప్రతిరోజూ మనసు కుంగి ఉండటమో, ఇదివరకు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి చచ్చిపోవడమో జరిగి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఏకాగ్రత, తన మీద తనకున్న నమ్మకం దెబ్బతిని, రోజువారీ పనులు సాగకపోతే దాన్ని డిప్రెషన్ అంటారు. ఇక 'టెన్షన్' అనే మాటతో మనం పరీక్ష భయాన్నీ చెబుతాం, అప్పుల బెంగనీ చెబుతాం, కారణం లేకుండా గుండె దడదడలాడే జబ్బునీ చెబుతాం. ఆందోళన రుగ్మత అంటే ఆ చివరిది. భయపడాల్సినంత కారణం లేకపోయినా నెలల తరబడి గాభరా వదలకుండా మనిషిని పని చేసుకోనివ్వని స్థితి.

ఇంతకీ నొప్పి అంటే ఏమిటి? అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లో ఇచ్చిన నిర్వచనాన్ని 2020లో సవరించింది. రెండింటిలోనూ మారని మాట ఒకటుంది: నొప్పి అనేది ఇంద్రియానుభవమూ, భావోద్వేగ అనుభవమూ కూడా. ఈ రెండో సగం నొప్పి పెరిగాక వచ్చి చేరేది కాదు. నిర్వచనంలోనే ఉంది.

గాయం ఎంతో నొప్పి అంత అనుకుంటే ఎక్కడ పొరపాటు

రెండో ప్రపంచ యుద్ధంలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ వైద్యుడు తీవ్రంగా గాయపడిన 215 మంది సైనికుల్ని అడిగి చూశాడు. ఎముకలు విరిగినవాళ్ళు, పొట్టలో తూటాలు దిగినవాళ్ళు. వాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతుల మంది నొప్పికి మందు కావాలని కోరుకోలేదు. స్పృహలోనే ఉన్నారు, సూది గుచ్చితే మామూలుగానే ఉలిక్కిపడేవాళ్ళు. తర్వాత మామూలు ఆస్పత్రిలో ఆపరేషను చేయించుకున్నవాళ్ళతో పోలిస్తే తేడా స్పష్టంగా కనిపించింది. సైనికుడికి ఆ గాయం అర్థం వేరు: ప్రాణంతో బయటపడ్డాను, ఇక ఇంటికి వెళ్ళవచ్చు. ఆస్పత్రిలో ఉన్న మామూలు మనిషికి అది తన బతుకులోకి వచ్చిపడిన ఆపద. నొప్పికి మనం ఇచ్చుకునే అర్థం నొప్పి మోతాదుని మారుస్తుందని బీచర్ తేల్చాడు.

దీనికి అటువైపు రుజువు మన ఎమ్మారై కాగితాల్లోనే ఉంది. నడుము నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్లను కలిపి 2015లో ఒక సమీక్ష చేశారు. 20 ఏళ్ళ వయసువారిలోనే 37 శాతం మందికి వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగి ఉన్నాయి. 80 ఏళ్ళకి అది 96 శాతం. డిస్కు ఉబ్బెత్తుగా రావడం 20 ఏళ్ళవారిలో 30 శాతం, 80 ఏళ్ళవారిలో 84 శాతం. వీళ్ళెవరికీ నొప్పి లేదు. అంటే 'డిస్క్ బల్జ్' అనే మాట రిపోర్టులో చూసి హడలిపోయే మనిషికి, ఆ బల్జ్ తల నెరవడం లాంటి వయసు గుర్తే అయ్యే అవకాశం చాలా ఉంది. భయపడటం వల్ల మాత్రం నొప్పి పెరుగుతుంది. ఆ సంగతి కిందకి వస్తుంది.

1965లో రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ ప్రతిపాదించిన 'గేటు' సిద్ధాంతం దీనికి ఒక దారి చూపింది. దెబ్బ తగలగానే ఆ చోటు రుద్దుకుంటాం కదా. రుద్దిన స్పర్శ సంకేతం వెన్నుపాములో నొప్పి సంకేతానికి అడ్డుపడుతుంది. అలాగే పైన మెదడు నుంచి కూడా ఆ గేటుని మూయమనో తెరవమనో సంకేతాలు కిందికి వస్తుంటాయి. సిద్ధాంతంలోని కొన్ని వివరాలు తర్వాత మారాయి. కానీ నొప్పి కింది నుంచి పైకి మాత్రమే వెళ్ళదని, పై నుంచి కిందికి కూడా దాన్ని హెచ్చించడం, తగ్గించడం జరుగుతుందన్న మూల విషయం నిలిచింది.

ఒకే దారిలో నడిచే రెండు బాధలు

నొప్పి ఎక్కడుందో, ఎంతుందో చెప్పే భాగాలు మెదడులో కొన్ని. 'ఇది భరించలేకపోతున్నాను' అనిపించే భాగాలు మరికొన్ని. ఈ రెండో పని చేసే యాంటీరియర్ సింగ్యులేట్, ఇన్సులా, భయాన్ని నడిపించే అమిగ్డాలా, వాటిని అదుపులో ఉంచే నుదుటి వెనుక భాగం, ఇవే డిప్రెషన్‌లోనూ ఆందోళనలోనూ దెబ్బతినే చోట్లు. పై నుంచి కిందికి వచ్చి నొప్పిని తగ్గించే దారి సెరొటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాల మీద ఆధారపడుతుంది. చాలా డిప్రెషన్ మందులు పనిచేసేదీ వాటి మీదే.

2013లో అమెరికాలోని ఒక పరిశోధన బృందం నడుము నొప్పి కొత్తగా మొదలైనవాళ్ళని ఏడాదిపాటు గమనించింది. నొప్పి తగ్గిపోయినవాళ్ళు పక్కకు తప్పుకోగా, నిలిచిపోయినవాళ్ళలో మెదడులోని చురుకుదనం క్రమంగా నొప్పిని గుర్తించే చోట్ల నుంచి భావోద్వేగాల చోట్లకి మారింది. నొప్పి అదే నడుములో ఉన్నట్టు అనిపిస్తూనే ఉంది. మెదడులో దాన్ని మోసే భాగాలు మాత్రం మారాయి. ఆ మనిషి నటించడం లేదు. ఆమెకి తెలియకుండానే, ఆమె చేతిలో లేకుండానే జరిగే మార్పు ఇది.

ఈ రెండింటి మధ్య నిద్ర ఒక వంతెన. నొప్పి వల్ల నిద్ర పట్టదని అందరికీ తెలుసు. దానికి ఎదురుదిశ ఇంకా బలంగా ఉందని పరిశోధనలు చెబుతున్నాయి: రాత్రి నిద్ర చెడితే మర్నాడు నొప్పి పెరుగుతుంది, ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. నిద్ర చెడితే మూడ్ కూడా చెడుతుంది. అలా మూడు సమస్యలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నడుస్తాయి.

కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఒకామె: భయం చేసే పని

ఇదంతా ఒక మనిషిలో ఎలా ఉంటుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ. గుంటూరులో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే 46 ఏళ్ళ ఆమె అనుకుందాం. శ్రావణమాసం ముందు ఆర్డర్లు ఎక్కువై రాత్రి పన్నెండు దాకా వంగి కుట్టింది. ఒక రోజు కింద పడిన బాబిన్ తీయబోతే నడుము కలుక్కుమంది. వారం తర్వాత తగ్గాల్సింది.

తగ్గలేదు. స్కాన్‌లో డిస్క్ బల్జ్ అన్నారు. 'వంగితే పూస జారిపోతుందట' అని వదిన చెప్పింది. ఆ మాట ఆమెలో నాటుకుపోయింది. వంగడం మానేసింది, తర్వాత కూర్చోవడం తగ్గించింది. కదలికలు తగ్గేకొద్దీ నడుముని నిలబెట్టే కండరాలు బలహీనపడ్డాయి. కొద్దిగా కదిలినా ఇప్పుడు ఇదివరకటికన్నా ఎక్కువ నొప్పి. 'చూశావా, వదిన చెప్పినట్టే అవుతోంది' అనే నిర్ధారణ. రోజంతా నడుము మీదే ధ్యాస. చిన్న పోటుకి కూడా గుండె దడ, కండరం బిగుసుకోవడం, బిగుసుకున్నందుకు మళ్ళీ నొప్పి. 2000లో యోహాన్ ఫ్లాయెన్, స్టీవెన్ లింటన్ వివరించిన 'భయం-తప్పించుకోవడం' నమూనా సరిగ్గా ఈ వలయం గురించే. అదే కలుక్కుమనడానికి మరొకామె 'రెండ్రోజుల్లో పోతుందిలే' అనుకుని మెల్లగా కదులుతూ ఉంటే చాలాసార్లు వలయం మొదలే కాదు.

అయితే ఈ నమూనాని విమర్శించేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలో న్యాయముంది. రోగి ఆలోచనలే దోషి అన్నట్టు ఇది ధ్వనిస్తుంది. మన ఉదాహరణలో ఆమె పనికి దూరమైనది భయం వల్ల మాత్రమేనా? నెలకి వచ్చే ఎనిమిది పదివేలు ఆగిపోయాయి. చిట్టీ వాయిదా కట్టలేదు. ఖాతాదారులు వీధి చివరి బొటిక్‌కి మళ్ళారు. ఈ బెంగ ఊహ కాదు, లెక్క. ఆలోచన మార్చుకుంటే చిట్టీ వాయిదా తీరదు. నొప్పిలో మనసు పాత్ర గురించి మాట్లాడేవాళ్ళు డబ్బు పాత్ర గురించి అంతే గట్టిగా మాట్లాడాలని నా అభిప్రాయం.

ఆరు నెలలు గడిచాక ఆమెకి మిషన్ వైపు చూడబుద్ధి కావడం లేదు. పెళ్ళిళ్ళకి పిలిస్తే వెళ్ళడం లేదు. 'నా వల్ల ఇంట్లో అందరికీ బరువు' అంటోంది. ఇప్పుడు ఇది నొప్పి ఒక్కటే కాదు.

ఏది ముందు, ఏది వెనక: మూడు వాదాలు

నొప్పే ముందని ఒక వాదం. పని, నిద్ర, తిరుగుళ్ళు, మర్యాద ఒక్కొక్కటే పోతుంటే ఎవరైనా కుంగిపోతారు. 1997లో డేవిడ్ ఫిష్‌బెయిన్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను జల్లెడ పట్టి, డిప్రెషన్ నొప్పి తర్వాత వస్తుందన్న మాటకే ఎక్కువ బలముందని చెప్పింది.

మనసే ముందని రెండో వాదం. దీన్ని అతి దూరం తీసుకెళ్ళినవాళ్ళు బ్లూమర్, హైల్‌బ్రాన్. కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పి మారువేషంలో ఉన్న డిప్రెషనే అని వాళ్ళు 1982లో రాశారు. ఆ వాదం నిలబడలేదు. వేలమంది రోగుల మీద అనుమానపు నీడ మాత్రం మిగిల్చింది. కానీ రెండో వాదాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. నడుము నొప్పి లేనివాళ్ళని కొన్నేళ్ళు గమనించిన అధ్యయనాల్ని కలిపి చూస్తే, డిప్రెషన్ లక్షణాలు ఉన్నవాళ్ళకి తర్వాత నడుము నొప్పి వచ్చే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా తేలింది.

మూడో వాదం రెంటికీ వేరు ఒకటే అంటుంది. జన్యువులు, చిన్నతనంలో అనుభవించిన హింస, నిర్లక్ష్యం, ఒంట్లో నెమ్మదిగా కొనసాగే వాపు ప్రక్రియ రెండు జబ్బులకీ నేల తయారుచేస్తాయని. ఇక్కడ ఒక చిక్కుంది: రెండూ కలిసి ఉన్నాయన్నంత మాత్రాన మూలం ఒకటేనని రుజువు కాదు.

2011లో కర్ట్ క్రోంకే బృందం 500 మంది రోగుల్ని ఏడాదిపాటు పరిశీలించింది. నొప్పిలో వచ్చిన మార్పు తర్వాతి డిప్రెషన్‌ని ముందే చెప్పింది, డిప్రెషన్‌లో వచ్చిన మార్పు తర్వాతి నొప్పిని ముందే చెప్పింది. రెండు దిక్కులా ప్రభావం దాదాపు ఒకేలా ఉంది. చాలామంది నిపుణులు ఇప్పుడు ఈ రెండు దిక్కుల మాటకే మొగ్గుతున్నారు, నాకూ అదే సబబుగా అనిపిస్తుంది. మన గుంటూరు ఉదాహరణలో నొప్పి ముందు వచ్చింది నిజమే, కానీ ఆరో నెలలో ఆమెని మంచానికి కట్టేస్తున్నది ఏదని అడిగితే దానికి ఒక్క జవాబు లేదు.

పేర్ల మీద కూడా గొడవ ఉంది. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 2013లో తన జబ్బుల జాబితాని సవరించినప్పుడు 'కారణం దొరకని నొప్పి అయితే మానసికం' అనే పాత గీత చెరిపేసింది. దాని స్థానంలో, కారణం దొరికినా దొరక్కపోయినా నొప్పి గురించి మితిమీరిన ఆందోళన ఉంటే ఒక రుగ్మతగా లెక్కిస్తామంది. ఎంత ఆందోళన మితిమీరినట్టు? క్యాన్సర్ నొప్పి ఉన్న మనిషి రోజంతా దాని గురించే ఆలోచిస్తే అది రుగ్మతా? ఈ విమర్శకి సరైన సమాధానం రాలేదు. అటు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీర్ఘకాలిక నొప్పికి సొంత స్థానం ఇచ్చింది. మరొక జబ్బుకి తోకలా కాకుండా నొప్పినే జబ్బుగా రాసుకునే వీలు దానివల్ల వచ్చింది.

ప్రశ్నావళిలో ఒకే పది మార్కులు, రెండు వేర్వేరు కథలు

డిప్రెషన్‌ని పసిగట్టడానికి చాలా చోట్ల పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడతారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది దాటితే, లేదా పది వస్తే, డిప్రెషన్ ఉందేమో జాగ్రత్తగా చూడాలని అర్థం.

నొప్పితో ఉన్న ఒకాయన జవాబులు ఇలా ఉన్నాయనుకుందాం. నిద్ర పట్టడం లేదు, 3. నీరసం, 3. ఆకలి తగ్గింది, 1. ఏకాగ్రత లేదు, 1. కదలికలు నెమ్మదించాయి, 2. మొత్తం 10. కానీ 'దిగులుగా ఉందా', 'ఆసక్తి పోయిందా' అన్న రెండు ముఖ్య ప్రశ్నలకీ ఆయన సున్నా పెట్టాడు. నిద్ర పట్టనిది పక్కకి తిరిగితే పోటు వస్తున్నందుకు. కదలిక నెమ్మదించింది మోకాలు వంగనందుకు. ఇది డిప్రెషన్ అని రాసేస్తే తప్పు.

ఇంకొకరికి ఆసక్తి పోయింది 3, దిగులు 2, 'నేను పనికిరాను' అనిపించడం 2, ఏకాగ్రత 1, నిద్ర 1, నీరసం 1. ఇదీ పదే. ఈ రెండో మనిషికి ఎమ్మారై చూసి నొప్పి బిళ్ళలు మాత్రమే ఇచ్చి పంపితే అదీ తప్పు. అందుకే శారీరక జబ్బులున్నవాళ్ళ కోసం 1983లోనే నిద్ర, నీరసం లాంటి ప్రశ్నల్ని చాలావరకు పక్కనపెట్టి 14 ప్రశ్నల హాడ్స్ అనే కొలమానం తయారుచేశారు. ఏ కొలమానమైనా మనిషితో పది నిమిషాలు మాట్లాడటానికి బదులు కాదు.

మన దగ్గర రెండో రకం పొరపాటే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో చేసిన అధ్యయనంలో బెంగళూరు కూడా ఒక కేంద్రం. డిప్రెషన్ ఉన్న 1,146 మందిలో 69 శాతం మంది డాక్టరు దగ్గరికి వచ్చినప్పుడు ఒంటి బాధలు మాత్రమే చెప్పారు. అయితే సూటిగా అడిగితే మనసు బాధ అసలు లేదన్నది 11 శాతం మందే. ఇది మన దేశపు అలవాటేనని, మనవాళ్ళకి మనసు గురించి మాట్లాడటం రాదని తరచూ అంటుంటారు. ఆ అధ్యయనం అలా చెప్పలేదు. శాతాలు చోటుకో రకంగా ఉన్నా, ఈ తీరు అన్ని దేశాల్లోనూ కనిపించింది. అడిగితే చెబుతారు. అడగడం జరగాలి.

"కడుపునొప్పి తాళలేక"

తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఏళ్ళుగా చదువుతున్న వాక్యం ఒకటుంది: 'కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య'. రెండు మూడు లైన్ల వార్త. కొన్నిసార్లు అసలు కారణం దాచడానికి ఇంటివాళ్ళు చెప్పే మాట అది, పోలీసులు రాసుకునే మాట అది. కానీ అన్నిసార్లూ కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కల్లో దేశంలోని ఆత్మహత్యల్లో 18.4 శాతానికి అనారోగ్యమే కారణంగా నమోదైంది. కుటుంబ సమస్యల తర్వాత రెండో స్థానం దానిదే. దీర్ఘకాలిక నొప్పి ఉన్నవారిలో ఈ ప్రమాదం మిగతావారికన్నా కనీసం రెట్టింపని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మనిషి కడుపునొప్పికి ఎన్ని ఆస్పత్రులు తిరిగాడో, ఒక్కచోటైనా 'బతకాలని ఉందా' అని ఎవరైనా అడిగారో లేదో ఆ రెండు లైన్లలో ఉండదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం చాలామందిలో ఉంది. అది నిజం కాదని అధ్యయనాల్లో తేలింది.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్ళలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా పగలూ రాత్రీ మాట్లాడుతుంది. ఇలాంటి ఆలోచనలు వస్తున్నవాళ్ళకీ, వాళ్ళని చూసుకునేవాళ్ళకీ కూడా ఆ నంబరు ఉపయోగపడుతుంది.

నడుము నొప్పికి డిప్రెషన్ మందు ఎందుకు రాశారు?

ఇది చాలామందిని గాభరా పెట్టే సంగతి. చీటీ మీద ఉన్న పేరు ఫోన్‌లో వెతికితే 'డిప్రెషన్ మందు' అని వస్తుంది. 'నన్ను పిచ్చిదాన్ని అనుకున్నారా' అని కొందరు మొదటి రోజే మానేస్తారు. ఎందుకు రాశారో చెప్పే తీరిక లేకపోయిన డాక్టరుది ఆ పొరపాటు.

పై నుంచి కిందికి వచ్చి నొప్పిని అణిచే దారి సెరొటోనిన్, నారడ్రినలిన్ మీద నడుస్తుందని పైన చెప్పుకున్నాం. డులోక్సెటిన్ అనే మందు ఈ రెండింటినీ పెంచుతుంది. అమెరికాలో దానికి 2004లో డిప్రెషన్‌కీ, షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ కూడా అనుమతి వచ్చింది. తర్వాత ఫైబ్రోమయాల్జియాకీ, దీర్ఘకాలిక నడుము, కీళ్ళ నొప్పులకీ వచ్చింది. డిప్రెషన్ లేనివాళ్ళలో కూడా అది నొప్పి తగ్గిస్తుంది. పాత మందు అమిట్రిప్టిలిన్‌ని నొప్పికి ఇచ్చేటప్పుడు డిప్రెషన్‌కి ఇచ్చేదానికన్నా చాలా తక్కువ మోతాదు ఇస్తారు. అంత తక్కువలో డిప్రెషన్ మీద దాని పని పెద్దగా ఉండదు. అంటే ఆ మాత్ర రాసినంత మాత్రాన డాక్టరు మీ మనసు మీద తీర్పు చెప్పినట్టు కాదు.

ఇవి ఎంత బాగా పనిచేస్తాయి? 2023లో, వైద్య అధ్యయనాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 176 అధ్యయనాలను, దాదాపు 30 వేలమంది రోగుల వివరాలను పరిశీలించింది. నమ్మదగిన ఫలితం ఎక్కువగా డులోక్సెటిన్‌కే కనిపించింది, అదీ ఒక మోస్తరు మేలే. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న అమిట్రిప్టిలిన్ మీద మంచి నాణ్యత ఉన్న రుజువు తక్కువని కూడా అది చెప్పింది. పనిచేయదని కాదు, సరిగా పరీక్షించలేదని.

ఊళ్ళలో ఎక్కువగా జరిగేది దీనికి దూరంగా ఉంటుంది. నొప్పి ఎక్కువైన రోజు ఆర్‌ఎంపీ దగ్గర సూది, మధ్యలో మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు. ఆ బిళ్ళలు కొత్త గాయానికి పనికొస్తాయి. ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుళ్ళు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. మూడో రకం నొప్పి మీద వాటి ప్రభావం చాలా తక్కువ. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో, స్పష్టమైన కారణం లేని దీర్ఘకాలిక నొప్పికి ఇలాంటి బిళ్ళలు గానీ నల్లమందు జాతి మందులు గానీ కొత్తగా మొదలుపెట్టవద్దంది. వ్యాయామం, మాటలతో చేసే చికిత్స, కొన్ని డిప్రెషన్ మందులు పరిశీలించమంది. చేతిలో ఉన్న మందులు తీసేసి ఏం మిగిల్చారని అక్కడి రోగులూ, కొందరు వైద్యులూ గట్టిగానే అడిగారు. ఆ వ్యాయామ తరగతులు, సైకాలజిస్టులు పెద్ద నగరాల్లో తప్ప దొరకని మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా బరువైనది.

మాటలతో చేసే చికిత్స ఎంతవరకు

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే పద్ధతిలో భయాల్ని ఒక్కొక్కటే బయటికి తీసి పరీక్షించుకుంటూ, మానేసిన పనుల్ని కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెడతారు. 2020లో కాక్రేన్ 75 అధ్యయనాలను చూసి, దీనివల్ల నొప్పి, ఇబ్బంది, దిగులు మూడింటిలోనూ మేలుందని, కానీ ఆ మేలు చిన్నదని చెప్పింది. దీన్ని అద్భుతంగా ప్రచారం చేయడమూ, పనికిరాదని తోసేయడమూ రెండూ ఆ అంకెలకి అన్యాయమే.

ఇంతకన్నా ఆశపెట్టే ఫలితం ఒకటి వచ్చింది. అమెరికాలోని కొలరాడోలో నడుము నొప్పి ఉన్న 151 మంది మీద 'పెయిన్ రీప్రాసెసింగ్' అనే చికిత్సని పరీక్షించారు. నొప్పి అంటే ప్రమాదం కాదని మెదడుకి మళ్ళీ నేర్పడం దాని సారం. నెల రోజుల చికిత్స తర్వాత 66 శాతం మందికి నొప్పి పూర్తిగానో దాదాపుగానో పోయింది. ఉత్తుత్తి సూది వేయించుకున్నవారిలో అది 20 శాతం, మామూలు వైద్యంలో 10 శాతం. చాలా గొప్ప అంకె. కానీ ఒకే చోట, కొద్దిమంది మీద, తీవ్రత మరీ ఎక్కువ లేనివాళ్ళ మీద వచ్చిన అంకె కూడా.

నొప్పినీ డిప్రెషన్‌నీ కలిపి చూస్తే ఏమవుతుందన్నదానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 2009లో క్రోంకే బృందం చేసిన పరీక్ష. కీళ్ళ, నడుము నొప్పితోపాటు డిప్రెషన్ కూడా ఉన్న 250 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ముందు డిప్రెషన్ మందుని సరైన మోతాదుకి తెచ్చి, తర్వాత నొప్పితో రోజు గడుపుకోవడం ఎలాగో నేర్పారు. రెండో గుంపుకి ఎప్పటి వైద్యమే. ఏడాదికి మొదటి గుంపులో సుమారు 37 శాతం మందికి డిప్రెషన్ సగానికి సగం తగ్గింది, రెండో గుంపులో 17 శాతం లోపే. నొప్పి కనీసం 30 శాతం తగ్గినవాళ్ళు మొదటి గుంపులో 40 శాతం పైన, రెండోదాంట్లో 17 శాతం.

ఈ అంకెలు ఇంట్లో ఎలా కనిపిస్తాయో మన గుంటూరు ఉదాహరణకే వేసి చూద్దాం. పదికి ఏడు ఉన్న ఆమె నొప్పి ఐదు కన్నా కాస్త కిందికి దిగితే ఆ పరీక్షలో మెరుగైనట్టు లెక్క. నొప్పి పోలేదు, పొద్దున్న లేచేటప్పుడు ఇంకా పట్టేస్తుంది. కానీ ఐదు గంటలు వరసగా నిద్రపోతోంది. ఇరవై నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ మిషన్ ముందు కూర్చుంటోంది. బాబిన్ కింద పడితే తనే వంగి తీసుకుంటోంది. శ్రావణమాసానికి నలభై జాకెట్లు ఒప్పుకునే మనిషి ఈసారి పదిహేను ఒప్పుకుంది.